తన్ఖా ఇచ్చి పని అడిగిన దీవాన్: మొదటి సాలార్ జంగ్ జీవితం

మిర్యాలగూడలో మన ఇళ్లలో డిగ్రీ అయిపోయిన పిల్లాడో పిల్లో ఉంటే చాలు, వచ్చిన చుట్టం మొదట అడిగేది నౌకరీ సంగతే. గ్రూప్స్ రాస్తున్నారా, హైదరాబాద్ కోచింగ్‌కి పోతున్నారా, గల్ఫ్ వీసా ఏమైంది అని. అదే ఊళ్లో రైస్ మిల్లు నడిపేవాళ్లనో, షోరూమ్ పెట్టినవాళ్లనో కదిలిస్తే ఇంకో బాధ చెబుతారు. నమ్మకమైన మనిషి దొరకడం లేదు, పని నేర్పితే నెల తిరక్కుండా వెళ్లిపోతున్నాడు, ఇక్కడివాళ్లు రావట్లేదని బయటి రాష్ట్రం నుంచి తెచ్చుకుంటే ఇక్కడివాళ్లకే కోపం వస్తోంది అని.

ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఎలా నేర్పాలి, జీతం ఎలా ఇవ్వాలి, పాతవాళ్లను ఏం చేయాలి, బయటివాళ్లను ఎంతవరకు రానివ్వాలి. ఈ ప్రశ్నలన్నీ నూట డెబ్బై ఏళ్ల కిందట మన గడ్డ మీదే ఒక మనిషి ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఆయన నడపాల్సింది ఒక మిల్లు కాదు, మొత్తం నిజాం రాజ్యం. ఆయన పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. మనకు తెలిసిన పేరు మొదటి సాలార్ జంగ్. మ్యూజియం చూసినప్పుడు ఈ పేరు వింటాం గానీ, ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది ఆయన మనవడు మూడో సాలార్ జంగ్. తాత కూడబెట్టింది వేరే. ఆయన కూడబెట్టింది మనుషుల్ని.

ఒక చిన్న మాటతో మొదలుపెడదాం. ఇంట్లో ఉర్దూలో తన్ఖా అంటే నెల జీతం. అదే మాట తెలుగు దస్తావేజులోకి వచ్చేసరికి తనఖా అయింది, అంటే అప్పుకి కుదువ పెట్టడం. ఒకే మాటకి జీతం, కుదువ అనే రెండు అర్థాలు ఎందుకు వచ్చాయి? పాత రోజుల్లో సిపాయికో సర్దారుకో జీతం కింద రొక్కం ఇవ్వకుండా, ఫలానా తాలూకా శిస్తు నువ్వే వసూలు చేసుకో అని రాసిచ్చేవారు. జీతం పేరుతో ఊళ్లు కుదువలోకి పోయేవి. ఆ రెండు అర్థాలను విడదీయడానికే సాలార్ జంగ్ బతుకంతా ఖర్చయింది అనుకోవచ్చు.

అప్పుల ఇంటి బిడ్డ

ఆయన 1829లో పుట్టారు. వాళ్ల పెద్దలు ముందు బీజాపూర్ ఆదిల్‌షాహీలను, తర్వాత మొఘలులను, ఆ తర్వాత ఆసఫ్‌జాహీలను కొలిచిన ఖాన్‌దాన్. ముత్తాత మీర్ ఆలం నిజాంకు దీవాన్‌గా చేశారు. హైదరాబాద్‌లో జూపార్కు పక్కన ఉన్న మీర్ ఆలం చెరువు ఆయన పేరిటే ఉంది. తాత మునీర్ ఉల్ ముల్క్ కూడా దీవానే. ఇంతమంది దీవాన్లు పుట్టిన ఇల్లయినా, పిల్లాడి చిన్నతనం నాటికి ఖాన్‌దాన్ జాగీర్లు అప్పుల్లో చిక్కుకుని ఉన్నాయి. తండ్రి తొందరగా పోయారు. దాదీ, బాబాయి సిరాజ్ ఉల్ ముల్క్ పెంపకంలో పెరిగారు. ఇంటి దగ్గరే ఫార్సీ, అరబీ చదువుకున్నారు. తర్వాత ఇంగ్లీషు కూడా పట్టుబట్టి నేర్చుకున్నారు.

ఇరవై ఏళ్లు రాకముందే ఆయన్ని ఖమ్మం తాలూక్‌దారుగా పంపారు. అక్కడ ఉన్నది కొన్ని నెలలే. అంతకుముందు డైటన్ అనే ఇంగ్లీషు అధికారి ఆ ప్రాంతంలో శిస్తు లెక్కల్ని ఒక పద్ధతిలో పెట్టి ఉన్నాడు. గుత్తకు ఇవ్వకుండా, లెక్క రాసి, రైతు దగ్గర ఇంత అని తీసుకుని, రసీదు ఇస్తే సర్కారుకీ రైతుకీ ఇద్దరికీ ఎలా మేలో ఈ కుర్రాడు కళ్లారా చూశారు. మన కోదాడ దాటితే ఖమ్మం ఎంత దూరం? పుస్తకంలో చదివితే రాని పాఠం ఆయనకు ఆ పొలాల మధ్య వచ్చింది. ఆ తర్వాత సొంత జాగీర్ల లెక్కలు చూసుకుంటూ మెల్లగా వాటిని దారిలో పెట్టారు. పెద్ద కుర్చీ ఎక్కే ముందు చిన్న కుర్చీలో పని నేర్చుకోవడం అన్నది అప్పటి అమీర్ల ఇళ్లలో అరుదైన సంగతి.

24 ఏళ్లకే దీవాన్

1853 మే 21న నిజాం నాసిర్ ఉద్దౌలా చేత ఇంగ్లీషువాళ్లు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు. కంటింజెంట్ సైన్యం జీతాల బాకీ పేరు చెప్పి బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ ప్రాంతాలను తమ చేతిలోకి తీసుకున్నారు. అంటే జీతాలు సమయానికి ఇవ్వలేకపోయినందుకు ఒక రాజ్యం పత్తి పండే తన మంచి భూమిని పోగొట్టుకుంది. ఆ దెబ్బ తిన్న కొద్ది రోజులకే దీవాన్ సిరాజ్ ఉల్ ముల్క్ కన్నుమూశారు. మే నెలాఖరులో ఆ పదవి 24 ఏళ్ల తురాబ్ అలీ ఖాన్ మీద పడింది.

ఆయనకు ఆ పదవి మీద మోజు లేదు. బాబాయి జాగీర్లు చేతిలో ఉంటే చాలు, ఈ తలనొప్పి వద్దనుకున్నట్టు తెలిసినవాళ్లకు ఉత్తరం కూడా రాసుకున్నారు. అయినా ఖాన్‌దాన్ పెద్దల మాట కాదనలేక ఒప్పుకున్నారు. అప్పటి నుంచి చనిపోయేదాకా, దాదాపు ముప్ఫై ఏళ్లు, ముగ్గురు నిజాంల కాలంలో ఆ కుర్చీలో ఉన్నారు.

కుర్చీ ఎక్కేసరికి ఖజానా ఖాళీ. సిపాయిలకు నెలల తరబడి జీతం లేదు. సాహుకార్ల దగ్గర అప్పు. ఆ అప్పులకు తాలూకాలకు తాలూకాలే కుదువలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం అరబ్బు జమాదార్లు, రొహిల్లా సర్దార్ల చేతుల్లో ఉంది. వాళ్లు సర్కారుకు సైనికులే, సర్కారుకు అప్పిచ్చినవాళ్లూ వాళ్లే. సొంత జైళ్లు పెట్టి బాకీదార్లను బంధించేంత ధైర్యం వాళ్లది. మిగిలిన తాలూకాలు గుత్తేదార్ల పాలు. ఎక్కువ పాట పాడినవాడికి తాలూకా దక్కేది. పాడినదానికంటే ఎంత ఎక్కువ పిండుకుంటే అంత లాభం. వచ్చే ఏడు ఆ తాలూకా తనదో కాదో తెలియనివాడికి రైతు బతికితే ఏమిటి, చస్తే ఏమిటి?

ముందు తాలూకాలను విడిపించారు

కొత్త దీవాన్ కత్తి తీయలేదు. ముందు లెక్క తీశారు. ఎవరికి ఎంత బాకీ, అందులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటికే శిస్తు రూపంలో ఎంత తిన్నారు అని ఒక్కొక్క జమాదారుతో కూర్చున్నారు. కొందరితో బేరమాడారు. కొందరికి కొత్త సాహుకార్ల దగ్గర తక్కువ వడ్డీకి తెచ్చి కట్టారు. అరబ్బు పెద్దల్లో కొందర్ని తనవైపు తిప్పుకుని వాళ్ల ద్వారానే మిగిలినవాళ్లను ఒప్పించారు. ఇలా కొన్నేళ్లలో కుదువలో ఉన్న తాలూకాలు ఒక్కొక్కటిగా సర్కారు చేతికి తిరిగి వచ్చాయి. వచ్చిన సొమ్ము నాలుగు దార్లలో పోకుండా కేంద్ర ఖజానా ఒకటి పెట్టారు. పూటకో రకం నాణెం చెలామణి అయ్యే చోట హాలీ సిక్కా ఒక పద్ధతిలో ముద్రించడం మొదలైంది.

చేతికి వచ్చిన తాలూకాల్లో గుత్తేదార్ల బదులు జీతం తీసుకునే తాలూక్‌దార్లను పెట్టడం ఆయన అసలు పని. వసూలులో వాటా కాకుండా నెలకింత అని ఖరారు. వాటా మీద బతికేవాడు రైతుని పిండుతాడు, జీతం మీద బతికేవాడు లెక్క చెబుతాడు. మొత్తం పాలనని ఈ ఒక్క ఆలోచన మీద మార్చడం మొదలుపెట్టారు.

రోజూ పొద్దున్నే ఆయన దేవిడీలో దర్బారు ఉండేది. బీదవాళ్లు కూడా అర్జీ తెచ్చుకోవచ్చు. తర్వాత కాగితాలు, ముఖ్య ఉద్యోగులతో మాటలు, మళ్లీ కాగితాలు. నెమ్మదస్తుడు, మాట తక్కువ, మర్యాద ఎక్కువ అని ఆయనతో పనిచేసినవాళ్లు రాసిపెట్టారు.

1857, ఆయన మీద ఉన్న మచ్చ

ఆయన జీవితం చెప్పేటప్పుడు ఈ పేజీ దాటవేస్తే న్యాయం కాదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో జనం కోఠీలోని రెసిడెన్సీ మీదికి వెళ్లారు. దీవాన్ ముందే రెసిడెంట్ డేవిడ్‌సన్‌కు కబురు పెట్టారు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ చంపబడ్డారు. మౌల్వీ అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు, అక్కడే పోయారు. హైదరాబాద్ గనక తిరగబడి ఉంటే దక్షిణం మొత్తం కదిలేదని ఇంగ్లీషువాళ్లే అనుకున్నారు.

దీవాన్ లెక్క వేరే ఉండొచ్చు. ఢిల్లీ, లక్నో ఏమయ్యాయో చూసినవాళ్లు ఆయన రాజ్యాన్ని కాపాడారంటారు. కోఠీలో తుర్రేబాజ్ ఖాన్ పేరిట ఉన్న రోడ్డు మీద నడిచేవాళ్లు ఇంకోలా అంటారు. 1860 ఒప్పందంలో రాయచూర్, ధారాశివ్ తిరిగి వచ్చాయి, 50 లక్షల బాకీ మాఫీ అయింది, కానీ బేరార్ రాలేదు. ఊళ్లో ఆయన మీద కోపం మాత్రం మిగిలింది. 1859లో ఒకసారి, 1868లో మరోసారి ఆయన మీద కాల్పులు జరిగాయి. రెండుసార్లూ బతికిపోయారు. నిజాం అఫ్జల్ ఉద్దౌలాకు కూడా ఆయన మీద అనుమానాలు ఉండేవి. తొలగించాలని చూసిన రోజులున్నాయి. అప్పుడు ఇంగ్లీషు రెసిడెంట్ అండ ఆయనకు పనికొచ్చింది. పైవాడి అనుమానం, కిందివాడి కోపం, పక్కవాడి ఒత్తిడి, ఈ మూడింటి మధ్య ఆయన పనిచేశారు.

జిలాబందీ: మెట్ల మీద మెట్లు

1865లో మొదలైన జిలాబందీ ఆయన చేసిన పనుల్లో మన ఊరి దాకా వచ్చిన పని. రాజ్యాన్ని జిల్లాలుగా, జిల్లాల్ని తాలూకాలుగా విడగొట్టారు. రెండేళ్లలో అది 5 సుబాలు, 17 జిల్లాలుగా నిలబడింది. సుబాకు సుబేదార్. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్. ఆయన కింద రెండో తాలూక్‌దార్, మూడో తాలూక్‌దార్. తాలూకాకు తహసీల్దార్. ఊళ్లో మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీ. ఆ ఏర్పాటులోనే నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ, సూర్యాపేట తాలూకాలుగా నడిచాయి. మన నాన్నలు, తాతలు తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగిన నకలు, పహాణీ, జమాబందీ అనే మాటలన్నీ ఆ దారిన వచ్చినవే.

ఈ మెట్ల పద్ధతిలో ఇంకో లాభం ఉంది. మూడో తాలూక్‌దారుగా చేరినవాడు రెండో మెట్టు, మొదటి మెట్టు ఎక్కే ఆశతో పనిచేస్తాడు. పెద్ద పదవికి మనిషి కావాలంటే కింద పని నేర్చుకున్నవాడు సిద్ధంగా ఉంటాడు. ఖమ్మంలో తాను నేర్చుకున్న విధంగానే అందరూ నేర్చుకునే దారి వేశారు.

శిస్తు వసూలు చేసేవాడే తీర్పు చెప్పకుండా మున్సిఫ్‌లు, అదాలత్‌లు వేరుగా పెట్టారు. పోలీసు శాఖ వేరు చేశారు. 1868లో నలుగురు సదర్ ఉల్ మహామ్‌లను పెట్టి న్యాయం, మాలు, పోలీసు, ఇతర శాఖలు తలా ఒకరికి అప్పగించారు. ఎవరి పని ఏమిటో, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో కాగితం మీద తేలింది. ఇప్పుడు కంపెనీల్లో మానవ వనరుల విభాగం అని ఒక బోర్డు ఉంటుంది. చేరే రోజు ఒక కాగితం ఇచ్చి నీ పని ఇది, నీ పై అధికారి ఇతను, నీ జీతం ఇంత అంటారు. నిజాం రాజ్యంలో ఆ కాగితం రాసింది సాలార్ జంగే.

పాతవాళ్లను తీసేయలేదు, పక్కన పెట్టారు

కొత్త పద్ధతి పెట్టడం ఒక ఎత్తు. పాతవాళ్లను ఏం చేయాలన్నది ఇంకో ఎత్తు. రాజ్యం లెక్కలన్నీ తరతరాలుగా రెండు దఫ్తర్ల చేతిలో ఉండేవి. ఒకటి రాయ్ రాయాన్ అనే మరాఠీ బ్రాహ్మణ కుటుంబానిది, ఇంకొకటి మాల్వాలా అనే కాయస్థ కుటుంబానిది. కాగితాలు వాళ్ల ఇళ్లలో, హక్కు వాళ్ల వంశంలో. వాళ్లను ఒక్క కలంపోటుతో తీసేస్తే రాజ్యం లెక్కే పోయేది. సాలార్ జంగ్ ఆ పని చేయలేదు. పక్కనే కొత్త కచేరీలు పెట్టి పనిని కొద్దికొద్దిగా అటు మళ్లించారు. వాళ్ల హోదా, మర్యాద, ఆదాయంలో కొంత ఉంచారు. పాత దఫ్తర్ నిలబడే ఉంది, దాని గుండా పోయే కాగితం మాత్రం తగ్గిపోయింది.

పల్లెల్లో దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాల విషయంలో కూడా అంతే. శిస్తు వసూలు వాళ్ల చేతుల్లోంచి తీసుకుని, పరిహారంగా రుసుం అని ఏటా కొంత ఇచ్చే ఏర్పాటు చేశారు. గొడవ లేకుండా పని జరిగింది. కానీ ఇక్కడే ఒక బాకీ మిగిలిపోయింది. అధికారం పోయినా పలుకుబడి పోలేదు. తర్వాత భూముల సర్వే జరిగినప్పుడు కాగితం తెలిసినవాడిదే భూమి అయింది, దున్నేవాడి పేరు చాలాచోట్ల ఎక్కలేదు. ఆ బాకీని 1946 నుంచి 1951 దాకా ఇదే నల్లగొండ జిల్లా రక్తంతో కట్టింది. తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ మన ప్రాంతమే. పాతవాళ్లను మర్యాదగా పక్కన పెట్టడం తెలివైన పనే. కానీ వాళ్ల కింద నలిగినవాడి లెక్క కూడా అదే రోజు తేల్చకపోతే ఏమవుతుందో ఈ జిల్లా కంటే బాగా ఎవరికి తెలుసు?

తాలీమ్

జీతం ఇస్తానంటే సరిపోదు, పని తెలిసినవాడు కావాలి. దీవాన్ అయిన తొలి ఏళ్లలోనే హైదరాబాద్‌లో దారుల్ ఉలూమ్ పెట్టించారు. 1860 ప్రాంతంలో ప్రతి తాలూకాలో, జిల్లా కేంద్రంలో రెండేసి బడులు ఉండాలని హుకుం వెళ్లింది. ఒకటి ఫార్సీది, ఇంకొకటి ఆ ప్రాంతం భాషది. అంటే మన వైపు తెలుగుది. హుకుం వెళ్లిన వేగంతో బడులు రాలేదన్నది వేరే మాట. 1870లో ఇంజనీరింగ్ బడి వచ్చింది. చెరువులు, రోడ్లు చూసుకునే మనుషులు అందులోంచి రావాలని ఆలోచన. తర్వాత చాదర్‌ఘాట్ హైస్కూలు. అమీర్ల పిల్లల కోసం మదర్సా ఎ ఆలియా. తన ఇద్దరు కొడుకులు మీర్ లాయఖ్ అలీ, మీర్ సాదత్ అలీ కూడా పుట్టుకతో పదవి రాదు, చదువుతో రావాలని ఆ చదువులో పెట్టారు.

కానీ బడిలో వేసిన విత్తనం పదిహేను, ఇరవై ఏళ్లకు గానీ చేతికి రాదు. రాజ్యానికి మనుషులు రేపే కావాలి. ఇక్కడి నుంచే ఆయన జీవితంలో పెద్ద ముడి మొదలవుతుంది.

ఉత్తరం నుంచి వచ్చినవాళ్లు

మొదట్లో మద్రాసు వైపు నుంచి, పార్సీల్లోంచి కొందరిని తెచ్చుకున్నారు. 1870ల్లో ఉత్తర హిందుస్తాన్ వైపు చూశారు. అక్కడ ఇంగ్లీషు కచేరీల్లో పని చేసి, పద్ధతి తెలిసి, ఫార్సీ ఉర్దూ రెండూ వచ్చిన ముస్లింలు ఉన్నారు. అలీగఢ్‌లోని సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మాట కూడా సాయపడింది. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ లక్నో కానింగ్ కాలేజీలో అరబీ చెప్పేవారు. 1873లో వచ్చి దీవాన్ దగ్గర కార్యదర్శి అయ్యారు. తర్వాత విద్యాశాఖ చూశారు, ఆసఫియా లైబ్రరీ ఆయన చలవే. మిర్జాపూర్‌లో డిప్యూటీ కలెక్టర్‌గా ఉన్న సయ్యద్ మెహదీ అలీ 1874లో వచ్చి మాలు శాఖ, సర్వే పనులు చూశారు. ఆయనే మోహ్సిన్ ఉల్ ముల్క్. మరుసటి ఏడు ముష్తాక్ హుసేన్, అంటే వఖార్ ఉల్ ముల్క్. 1877లో మౌల్వీ చిరాగ్ అలీ. సాలార్ జంగ్ పాలన ఎలా నడిచిందో నాలుగు సంపుటాల్లో రాసిపెట్టింది ఈ చిరాగ్ అలీయే. ఉర్దూ నవల మిరాతుల్ ఉరూస్ రాసిన డిప్యూటీ నజీర్ అహ్మద్ కూడా అదే రోజుల్లో వచ్చి ఇక్కడ పనిచేశారు. తెలుగు కూడా నేర్చుకున్నారని చెబుతారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయ బెంగాల్ నుంచి వచ్చింది 1878లో.

ఈ పేర్లు చూడండి. షియా, సున్నీ, హిందూ, పార్సీ అందరూ ఉన్నారు. ఆయన చూసింది పని వచ్చా రాదా అని. మోహ్సిన్ ఉల్ ముల్క్, వఖార్ ఉల్ ముల్క్ ఇద్దరూ తర్వాత ఒకరి వెనక ఒకరు అలీగఢ్ కాలేజీ బాధ్యత మోశారు. అంత పెద్దవాళ్లని ముందే గుర్తుపట్టి, పిలిపించి, పని అప్పగించి, అడ్డం రాకుండా నిలబడడం చిన్న సంగతి కాదు.

అలాగని తలుపులన్నీ బార్లా తెరవలేదు. బయటి నుంచి వచ్చినవాళ్లను పాత నగరం అమీర్ల రాజకీయాలకు, నిజాం కొలువుకు దూరంగా ఉంచారు. వాళ్లలో చాలామంది మూసీ అవతల చాదర్‌ఘాట్ వైపు ఉండేవారు. పని మీ చేతిలో, దర్బారు మా చేతిలో అన్నట్టు నడిపారు. ఆయన బతికి ఉన్నంతవరకు ఈ గీత నిలబడింది.

గీత చెరిగిన తర్వాత

ఆయన పోయాక ఆ గీత నిలబడలేదు. వచ్చినవాళ్లు తమవాళ్లను పిలిపించుకున్నారు. పై ఉద్యోగాలు వాళ్లవే అయ్యాయి. ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిలో చదివిన పిల్లలకు చిన్న నౌకరీలు మిగిలాయి. ముల్కీ, గైర్ ముల్కీ అనే మాటలు బజార్లోకి వచ్చాయి. గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఏంటంటే ఆ తగువు మతాల మధ్య కాదు. దక్కనీ ముస్లిం, తెలుగు హిందూ, మరాఠీ, కాయస్థ అందరూ ఒకవైపు ఉండి అడిగిన హక్కు అది. 1919లో ఏడో నిజాం ఫర్మానా వచ్చింది. ముల్కీ కావాలంటే ఇక్కడ పుట్టి ఉండాలి, లేదా పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలి అని తేల్చింది.

తర్వాత కథ మన పెద్దవాళ్లు కళ్లారా చూసిందే. 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న సుప్రీంకోర్టు తీర్పు, దానికి ఎదురుగా జై ఆంధ్ర, 371 డి, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985 డిసెంబరు 30న వచ్చిన 610 జీవో. 2014లో రాష్ట్రం వచ్చింది. 2018 ఉత్తర్వుతో స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు అన్నారు. ఇప్పుడు మన పిల్లలు దరఖాస్తులో లోకల్, నాన్ లోకల్ అని టిక్ పెట్టే గడి వెనక ఇంత చరిత్ర ఉంది. దాని మొదటి పేజీలో సాలార్ జంగ్ ఉన్నారు.

మరి తప్పు ఆయనదా? మనుషులు లేనప్పుడు బయటి నుంచి తేవడం తప్పు కాదు. తెచ్చినవాడు ఇక్కడివాడికి పని నేర్పి, ఫలానా ఏడు నాటికి ఆ కుర్చీ ఇక్కడివాడికి అప్పగించాలన్న గడువు పెట్టకపోవడమే లోటు. ఇంకో లోటు భాష. శిస్తు కట్టేవాడు తెలుగులో మాట్లాడతాడు, కచేరీ కాగితం ఫార్సీలో ఉంటుంది. తెలుగు బడి పెట్టమన్న హుకుం వెళ్లింది గానీ తెలుగు చదివినవాడికి కచేరీలో కుర్చీ వేయలేదు. ఆయన తర్వాత ఫార్సీ పోయి ఉర్దూ వచ్చినా, మిర్యాలగూడ రైతుకి మధ్యలో ఒక మనిషి అవసరం తప్పలేదు. ఆ మధ్య మనిషి ఎంత తిన్నాడో ఎవరూ లెక్క రాయలేదు.

చివరి ఏళ్లు

1869లో అఫ్జల్ ఉద్దౌలా పోయారు. కొత్త నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కి అప్పుడు మూడేళ్లు కూడా నిండలేదు. షమ్స్ ఉల్ ఉమరాతో కలిసి సాలార్ జంగ్ పాలకుడి బాధ్యత మోశారు. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది. మనసులో మాత్రం ఒకటే ముల్లు, బేరార్. జీతాల బాకీ కింద పోయిన భూమి తిరిగి రావాలి. 1876లో ఇంగ్లండ్ వెళ్లారు. దారిలో పారిస్‌లో మెట్ల మీద జారి తొడ ఎముక విరిగింది. అయినా లండన్ చేరారు. ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్ ఇచ్చింది, లండన్ నగరం గౌరవ పౌరుడిని చేసింది. విందులు, సన్మానాలు అన్నీ దొరికాయి, బేరార్ మాత్రం దొరకలేదు. 1857లో సాయం చేసినందుకు దక్కిన ఫలితం ఇంతే అని ఆయనకు అర్థమై ఉండాలి.

1883 ఫిబ్రవరి మొదటి వారంలో జర్మనీ నుంచి ఒక రాజకుటుంబీకుడు అతిథిగా వచ్చాడు. ముత్తాత పేరిట ఉన్న మీర్ ఆలం చెరువు దగ్గర ఆయనకు విందు ఇచ్చారు. ఆ తర్వాత కలరా పట్టుకుంది. ఫిబ్రవరి 8న కన్నుమూశారు. వయసు 54. దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. కొడుకు మీర్ లాయఖ్ అలీ తర్వాత దీవాన్ అయినా ఎక్కువ రోజులు నిలవలేదు.

మనకు మిగిలింది

ఆయన ఫరిష్తా కాదు. ఇంగ్లీషువాళ్ల అండ తీసుకున్నారు, అమీర్లను నొప్పించలేదు, పల్లె దొరల్ని పూర్తిగా దించలేదు. కానీ కొన్ని పనులు చేసి చూపించారు. వాటా మీద బతికే ఉద్యోగిని జీతం మీద బతికే ఉద్యోగిగా మార్చారు. పనిని ముక్కలు చేసి ఎవరిది వాళ్లకు అప్పగించారు. ఎక్కడ పని తెలిసినవాడు దొరికితే అక్కడి నుంచి తెచ్చారు. పాతవాళ్లను అవమానించకుండా పద్ధతి మార్చారు. పిల్లలకు బడి పెట్టారు. ఒకటి మాత్రం వదిలేశారు. తెచ్చినవాడి పక్కన ఇక్కడి పిల్లాడిని నిలబెట్టి, కుర్చీ మార్చే రోజు ముందే రాసుకోవాల్సింది.

మన మిల్లుల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లో పనివాళ్లను పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. బిహార్ నుంచి వచ్చిన హమాలీకీ, మన గల్లీ నుంచి వచ్చిన లెక్కల కుర్రాడికీ, పక్క ఊరి నుంచి వచ్చిన నర్సమ్మకూ నెల మొదటి వారంలో తన్ఖా చేతికి అందుతోందా? లేక మూడు నెలల బాకీ కింద వాళ్ల బతుకే మన దగ్గర తనఖాలో ఉందా? చేరిన రోజు వాళ్ల పని ఏదో చెప్పామా? ఏడాదిలో ఒక మెట్టు ఎక్కే దారి చూపామా? జీతాలు సమయానికి ఇవ్వలేకే ఒక రాజ్యం బేరార్‌ని పోగొట్టుకుంది. మన చేతి కింద పనిచేసే మనిషి చెమట ఆరకముందే అతని హక్కు ఇవ్వాలని మన ఇళ్లలో పిల్లలకు చెబుతూనే ఉంటాం. ఈ నెల జీతాల పుస్తకం తెరిచినప్పుడు ఆ మాట ఒక్కసారి గుర్తు చేసుకుందాం.